వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు: గోడలో దాక్కున్న థర్మోస్టాట్ కథ

"వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు" అని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అంటుంటారు. ఉన్న ఆదాయానికి ఇంకాస్త తోడైతే ఇల్లు గడుస్తుందని దాని అర్థం. ఈ రోజు ఎపిసోడ్‌లో ఆ సామెతను ఉన్నదున్నట్టు తీసుకుందాం. వేణ్ణీళ్ళు, చన్నీళ్ళు. ఈ రెంటినీ సరిగ్గా కలపడానికి మనిషికి ఎన్నేళ్ళు పట్టింది? ఆ కథ చివరికి మన బాత్రూమ్ గోడలోకి ఎలా వచ్చి కూర్చుంది?

కొత్త ఫ్లాట్లలో ఈమధ్య మీరు చూసే ఉంటారు. గోడ మీద నున్నటి స్టీలు ప్లేటు, దాని మీద రెండు గుండ్రటి నాబ్‌లు. ఒకటి తిప్పితే నీళ్ళు వస్తాయి. రెండో దాని మీద 20, 30, 38, 40 అని అంకెలుంటాయి. 38 దగ్గర ఒక చిన్న బటన్, చాలావాటికి ఎర్రది. పైపులు, బాడీ అన్నీ గోడ లోపలే. దీన్నే కన్‌సీల్డ్ థర్మోస్టాటిక్ షవర్ వాల్వ్ అంటారు. మామూలు రకం తీసుకుంటే దీనికి కరెంటు లేదు, బ్యాటరీ లేదు, సెన్సార్ చిప్ లేదు. అయినా మీరు 38 పెడితే 38 దగ్గరే ఉంచుతుంది. వంటింట్లో ఎవరో కుళాయి విప్పినా, మేడ మీద ఎవరో ఫ్లష్ లాగినా తనే సర్దుకుంటుంది. ఎలా? దానికి సమాధానం నాలుగు వందల ఏళ్ళ వెనక్కి వెళ్తే దొరుకుతుంది.

ముందు మన దగ్గర ఎలా ఉండేదో గుర్తు చేసుకుందాం. పొయ్యి మీద కాగులో నీళ్ళు కాగేవి. బకెట్లో కొన్ని వేణ్ణీళ్ళు, కొన్ని చన్నీళ్ళు పోసి, చెయ్యి ముంచి చూసి, "ఆ, సరిపోయాయి, వెళ్ళు" అనేవాళ్ళు. "గోరువెచ్చని" అనే మాట చూడండి, మాటలోనే గోరు ఉంది. కొలత మన వేలి చివర ఉందన్నమాట. బకెట్ స్నానంలో ఉన్న గొప్ప సౌకర్యం ఏంటంటే, నీళ్ళు ముందు కలుస్తాయి, మనిషి మీద తర్వాత పడతాయి. తప్పు జరిగితే వేలికి తెలుస్తుంది, ఒంటికి కాదు. షవర్‌లో ఆ వరుస పోయింది. కలవడం, ఒంటి మీద పడడం దాదాపు ఒకేసారి. మన కథలో సమస్య అంతా అక్కడ మొదలైంది.

1767లో లండన్‌లో విలియం ఫీతమ్ అనే పొయ్యిల తయారీదారు షవర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. చేత్తో పంపు కొట్టి నీళ్ళను తలపైనున్న తొట్టిలోకి ఎక్కించాలి, గొలుసు లాగితే మీద పడతాయి. పడిన నీళ్ళనే మళ్ళీ పంపు కొట్టి పైకి ఎక్కించి వాడుకోవాలి! పైగా చన్నీళ్ళే. అందుకని జనం దాన్ని నెత్తికెత్తుకోలేదు.

వందేళ్ళ తర్వాత, 1868లో, లండన్‌లోనే బెంజమిన్ వాడీ మాన్ అనే పెయింటర్ గ్యాస్ మంటతో నీళ్ళు కాచే యంత్రం చేశాడు. ఐస్‌లాండ్‌లో నేలలోంచి వేడినీళ్ళు ఎగజిమ్మే బుగ్గల పేరు మీద దానికి "గీజర్" అని పేరు పెట్టాడు. అమెరికాలో వాటర్ హీటర్ అనే అంటారు. మన దగ్గర మాత్రం కరెంటుతో నడిచే దాన్ని కూడా గీజర్ అనే అంటున్నాం. ఐస్‌లాండ్ మాట లండన్ మీదుగా మన బాత్రూమ్ దాకా వచ్చి స్థిరపడిపోయింది. ఆ మొదటి గీజర్‌కు పొగ బయటికి పోయే గొట్టం కూడా లేదు, కాబట్టి అదీ ప్రమాదమే.

సరే, నీళ్ళు కాచడం వచ్చింది. ఇక వేడిని ఒక చోట ఆపడం ఎలా? దీనికి వేరే కథ నడుస్తోంది. 1620 ప్రాంతంలో కొర్నేలిస్ డ్రెబెల్ అనే డచ్ మనిషి ఇంగ్లండ్‌లో ఉండేవాడు. కోడిగుడ్లు పొదిగించే పెట్టె ఒకటి చేశాడు. అందులో ఆల్కహాల్, పాదరసం ఉన్న గాజు గొట్టం ఉండేది. వేడి పెరిగితే ఆల్కహాల్ వ్యాకోచించి పాదరసాన్ని పైకి నెడుతుంది. అది ఒక మూతను కదిలించి మంటకు గాలి తగ్గిస్తుంది. మంట తగ్గితే వేడి తగ్గుతుంది, మూత మళ్ళీ తెరుచుకుంటుంది. మనిషి దగ్గరుండి చూడనక్కర్లేదు. గుడ్లు వాటంతటవే పొదుగుతాయి.

ఈ ఒక్క ఆలోచన పట్టుకోండి. వేడెక్కితే వస్తువు పెరుగుతుంది, ఆ పెరగడాన్నే పనివాడిగా పెట్టుకోవాలి. మన షవర్ వాల్వ్ లోపల జరిగేది కూడా ఇదే.

తర్వాత 18వ శతాబ్దంలో జాన్ హారిసన్ వచ్చాడు. సముద్రంలో ఓడ ఎక్కడుందో తెలుసుకోవడానికి గడియారాలు చేసినాయన. ఎండకీ చలికీ గడియారం వేగం మారిపోతుంటే, ఇత్తడి, ఉక్కు రెండు పట్టీలు కలిపి బిగించాడు. రెండూ ఒకేలా పెరగవు కాబట్టి వేడికి ఆ పట్టీ వంగుతుంది. దాన్నే బైమెటల్ అంటాం. మన ఇస్త్రీ పెట్టెలో టక్‌మని శబ్దం చేసేది ఇదే. 1830లో స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త ఆండ్రూ యూర్ ఈ బైమెటల్‌తో వేడిని అదుపు చేసే పరికరానికి పేటెంట్ తీసుకుని దానికి "థర్మోస్టాట్" అని పేరు పెట్టాడు. ఆయన దృష్టి ఫ్యాక్టరీల మీద ఉంది. బాత్రూమ్ ఊసు ఇంకా ఎవరికీ లేదు.

ఇంగ్లండ్‌లో ఒక వింత గమనించండి. పాత ఇళ్ళలో ఇప్పటికీ సింకుకు రెండు కుళాయిలు విడివిడిగా ఉంటాయి. ఒకదాంట్లో చెయ్యి కాలుతుంది, ఇంకోదాంట్లో గడ్డకడుతుంది. ఎందుకంటే చన్నీళ్ళు నేరుగా ఊరి పైపులోంచి వచ్చే తాగే నీళ్ళు. వేణ్ణీళ్ళేమో అటకమీద తొట్టిలో నిలవున్నవి, అందులో ఏం పడిందో తెలీదు. ఆ నీళ్ళు వెనక్కి వెళ్ళి తాగే నీళ్ళలో కలవకూడదని రెండింటినీ దూరం పెట్టారు. ఈ భయాన్ని గుర్తుపెట్టుకోండి, మన వాల్వ్‌లో దీనికి ఒక చిన్న ముక్క ఉంది. చివర్లో దాని పని పడుతుంది.

1937లో అమెరికాలోని సియాటిల్‌లో ఆల్ మోయెన్ అనే కాలేజీ కుర్రాడు గ్యారేజీలో పనిచేస్తూ చేతులు కడుక్కోబోతే వేణ్ణీళ్ళు ఒక్కసారిగా పడ్డాయి. ఆ కోపంతోనే ఒకే చేతిపిడితో రెండు నీళ్ళనూ కలిపే కుళాయి కోసం పని మొదలుపెట్టాడు. అది 1947లో మార్కెట్లోకి వచ్చింది. మన ఇళ్ళల్లో సింగిల్ లివర్ మిక్సర్, కన్‌సీల్డ్ డైవర్టర్ అంటామే, వాటి వంశం అక్కడిది. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. అది నీళ్ళను కలుపుతుందే గానీ వేడిని చూసుకోదు. మధ్యలో చన్నీళ్ళ ప్రెజర్ తగ్గితే అదే లివర్‌లోంచి వేణ్ణీళ్ళు దూకుతాయి.

అసలు మలుపు 1930ల్లోనే, కార్ల వైపు నుంచి వచ్చింది. సెర్జియస్ వెర్నే అనే ఆవిష్కర్త కారు రేడియేటర్ కోసం మైనం వాడాడు. చిన్న లోహపు గిన్నె, లోపల మైనం, పైన ఒక సన్నటి పుల్ల. మైనం కరిగేటప్పుడు దాని పరిమాణం బాగా పెరుగుతుంది, చాలా బలంగా పుల్లను బయటికి తోస్తుంది. చల్లారితే స్ప్రింగు దాన్ని వెనక్కి నెడుతుంది. మీ దగ్గర లిక్విడ్ కూల్డ్ బైక్ ఉంటే అందులో కూడా ఇలాంటి మైనపు థర్మోస్టాట్ ఉంటుంది. కొన్ని దశాబ్దాలకు ఈ మైనపు గిన్నె బాత్రూమ్ గోడలోకి చేరింది.

ఇప్పుడు వాల్వ్ లోపలికి వెళ్దాం. ఎడమ నుంచి వేణ్ణీళ్ళు, కుడి నుంచి చన్నీళ్ళు. మధ్యలో ఒక చిన్న స్లీవ్ అటూ ఇటూ జరుగుతుంది. ఒక పక్కకు జరిగితే వేణ్ణీళ్ళ దారి ఇరుకవుతుంది, ఇంకో పక్కకు జరిగితే చన్నీళ్ళ దారి ఇరుకవుతుంది. కలిసిన నీళ్ళు మైనపు గిన్నె చుట్టూ తిరిగి బయటికి పోతాయి. నీళ్ళు కాస్త వేడెక్కితే మైనం ఉబ్బి వేణ్ణీళ్ళ దారి తగ్గిస్తుంది, చల్లబడితే ముడుచుకుని పెంచుతుంది. మనం నాబ్ తిప్పినప్పుడు మారేది ఆ గిన్నె, స్ప్రింగు మొదలయ్యే స్థానమే. చన్నీళ్ళు పూర్తిగా ఆగిపోతే మైనం మొత్తం ఉబ్బి వేణ్ణీళ్ళను కూడా మూసేస్తుంది. ట్యాంకు ఖాళీ అయినా ఒంటి మీద మరిగే నీళ్ళు పడవు. 400 ఏళ్ళ క్రితం కోడిగుడ్ల పెట్టెలో జరిగింది ఇదే కదా!

ఇదంతా సోకు కోసమేనా? కాదు, ఇక్కడ ప్రాణాల లెక్క ఉంది. 1947లో అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చర్మం ఎంత వేడికి ఎంతసేపట్లో కాలుతుందో కొలిచారు. 44 డిగ్రీల దగ్గర చర్మం పాడవ్వడానికి సుమారు 6 గంటలు. 49 డిగ్రీల దగ్గర పది నిమిషాల లోపు. 60 డిగ్రీల దగ్గర దాదాపు 5 సెకన్లు. 44కీ 60కీ తేడా 16 డిగ్రీలే, కానీ టైమ్ గంటల నుంచి సెకన్లకు పడిపోయింది. అది కూడా పెద్దవాళ్ళ చర్మానికి. చిన్నపిల్లల చర్మం ఇంకా పలచన. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకు కాలుతున్న సంగతే తెలీదు.

మరి గీజర్‌ను 45 దగ్గర పెట్టేస్తే పోలా? అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 1983లో దాదాపు అలాంటి చట్టమే చేసింది, కొత్త హీటర్లను 49 డిగ్రీలకు సెట్ చేసి అమ్మాలని. కాలిన గాయాలు తగ్గించడానికి అది మంచి పనే. కానీ ఈలోగా ఇంకో శత్రువు బయటపడింది.

1976 జులైలో ఫిలడెల్ఫియాలోని బెల్వ్యూ స్ట్రాట్‌ఫర్డ్ హోటల్లో మాజీ సైనికుల సంఘం, అమెరికన్ లీజియన్, మహాసభ జరిగింది. తర్వాత కొద్ది రోజులకే జనం జ్వరం, న్యుమోనియాతో పడిపోయారు. 221 మంది జబ్బుపడితే 34 మంది చనిపోయారు. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. 1977 జనవరిలో ప్రభుత్వ ప్రయోగశాలలో జోసెఫ్ మెక్‌డేడ్ ఆ బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. పేరు లీజియొనెల్లా. ఆ హోటల్లో అనుమానం ఏసీ కూలింగ్ టవర్ మీదకు వెళ్ళింది. తర్వాతి ఏళ్ళల్లో ఆసుపత్రుల షవర్లలో, వేణ్ణీళ్ళ పైపుల్లో కూడా ఇదే సూక్ష్మజీవి కనిపించింది. 20 నుంచి 45 డిగ్రీల మధ్య, అంటే సరిగ్గా మన స్నానానికి హాయిగా ఉండే గోరువెచ్చని నీళ్ళలోనే, అది పెరుగుతుంది. షవర్ తుంపర్లతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. 60 డిగ్రీల్లో చస్తుంది.

చూశారా చిక్కు? నిలవ ఉంచే నీళ్ళు 60 ఉండాలి, లేకపోతే సూక్ష్మజీవి. ఒంటి మీద పడే నీళ్ళు 40 దాటకూడదు, లేకపోతే గాయం. ఈ రెంటి మధ్య ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఆ కాపలాదారే థర్మోస్టాటిక్ వాల్వ్. అందుకే యూరప్‌లో దీనికి ప్రత్యేక ప్రమాణాలు వచ్చాయి, ఇంగ్లండ్‌లో 2010 నుంచి కొత్త ఇళ్ళలో బాత్‌టబ్‌కు వచ్చే నీళ్ళు 48 డిగ్రీలు దాటకూడదని నియమం పెట్టారు.

ఇక గోడలోకి దాక్కోవడం. బాత్రూమ్ శుభ్రంగా, ఖాళీగా కనిపించాలనే మోజుతో బాడీ మొత్తం ప్లాస్టరింగ్ వెనక్కి వెళ్ళింది. అందం వచ్చింది గానీ రిపేరు కష్టమైంది. 2001లో జర్మనీకి చెందిన హాన్స్‌గ్రోహె ఐబాక్స్ అని ఒకటి తెచ్చింది. గోడలో ఒకే రకం పెట్టె పెడతారు, ముందు భాగం తర్వాత ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు. ఇప్పుడు చాలా కంపెనీలు ఇదే దారిలో గోడలో ఉండే బాడీని, బయట కనిపించే ట్రిమ్‌ను వేరువేరుగా అమ్ముతున్నాయి. కొనేటప్పుడు రెండూ ఒకదానికొకటి సరిపోతాయో లేదో అడగండి.

ఇప్పుడు మన ఇళ్ళకు వద్దాం. ఈ వాల్వ్ పుట్టిన దేశాల్లో పైపుల్లో ప్రెజర్ ఎక్కువ. మనకు డాబా మీద ట్యాంకు. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ ప్రెజర్ వస్తుంది. మీది పై అంతస్తు అయి, ట్యాంకు షవర్ కంటే మూడు మీటర్ల ఎత్తులో ఉంటే మీకు వచ్చేది 0.3 బార్ మాత్రమే. చాలా వాల్వ్‌లకు అర బార్ నుంచి ఒక బార్ దాకా కావాలి. బాక్స్ మీద కనిష్ఠ ప్రెజర్ ఎంతో చూడకుండా డబ్బు కట్టొద్దు. తక్కువైతే ప్రెజర్ పంపు పెట్టాలి, అది కూడా వేడి, చల్ల రెండు లైన్లకూ కలిపి.

రెండోది గీజర్. 60 డిగ్రీల వేణ్ణీళ్ళు, 26 డిగ్రీల చన్నీళ్ళు కలిపి 38 రావాలంటే వేణ్ణీళ్ళ వాటా సుమారు 35 శాతం. అంటే 15 లీటర్ల గీజర్‌తో 42 లీటర్ల దాకా స్నానపు నీళ్ళు వస్తాయి. నిమిషానికి 8 లీటర్ల షవర్ అయితే ఐదు నిమిషాలు. మూడు లీటర్ల గీజర్ పెట్టి థర్మోస్టాటిక్ వాల్వ్ కొంటే ఒక్క నిమిషం ముచ్చటే. సోలార్ హీటర్ ఉన్న ఇళ్ళకు మాత్రం ఇది నిజంగా అవసరం. ఎండాకాలం మధ్యాహ్నం సోలార్ ట్యాంకు నీళ్ళు ఎంత వేడెక్కుతాయో ఎవరి చేతిలోనూ ఉండదు. ఇంకో మాట. మే నెలలో మన డాబా ట్యాంకు చన్నీళ్ళే 40 దగ్గర ఉంటాయి. అప్పుడు నాబ్ 30 దగ్గర పెట్టినా వాల్వ్ ఏం చెయ్యలేదు. అది కలిపే మనిషే గానీ ఫ్రిజ్ కాదు.

హైదరాబాద్‌లో మా పిన్ని వాళ్ళది పై అంతస్తు ఫ్లాట్, బోరు నీళ్ళు. బాబాయికి పదిహేనేళ్ళుగా షుగర్, పాదాలకు స్పర్శ సరిగ్గా లేదు. సోలార్ నీళ్ళతో ఒకసారి పాదం మీద బొబ్బలొస్తే సాయంత్రం సాక్సులు విప్పేదాకా తెలీలేదు. అందుకే పంపుతో సహా ఈ వాల్వ్ పెట్టించారు. ఎనిమిది నెలలు బాగా పనిచేసింది. తర్వాత ధార సన్నబడింది, 40 పెట్టినా నీళ్ళు చల్లగానే వస్తున్నాయి. వచ్చిన ప్లంబర్ గోడ పగలగొట్టి మొత్తం మార్చాలన్నాడు. పిన్ని నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, మళ్ళీ పాత డైవర్టరే పెట్టించేస్తాం రా, బకెట్ స్నానమే నయం" అంది. "ఒక్క రోజు ఆగు పిన్నీ, ముందు లోపల చూద్దాం" అన్నాను.

ముందు ప్లేటు విప్పాం, గోడ కాదు. లోపల రెండు పక్కలా స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న స్టాప్‌లున్నాయి, వాటితో నీళ్ళు కట్టేశాం. వేణ్ణీళ్ళ వైపు జల్లెడ తీస్తే దాన్నిండా తెల్లటి సున్నపు రవ్వలు. బోరు నీళ్ళు కాగితే సున్నం విరుగుతుంది కదా, అందుకే వేడి వైపు ముందు మూసుకుపోయింది. జల్లెడలు తెల్ల వెనిగర్‌లో నానబెట్టి, బ్రష్‌తో కడిగి బిగించాం. ధార వచ్చింది. తర్వాత థర్మామీటర్ పెట్టి చూస్తే నాబ్ 38 అంటే నీళ్ళు 36 ఉన్నాయి. నాబ్ ఊడదీసి, లోపలి కాడను నీళ్ళు సరిగ్గా 38 వచ్చేదాకా తిప్పి, నాబ్‌ను 38 గుర్తు దగ్గర మళ్ళీ పెట్టాం. రెండు గంటల పని, ఒక్క టైలూ పగల్లేదు. బాబాయి ఇప్పటికీ దాని కిందే స్నానం చేస్తున్నాడు. పిన్ని ఫోన్‌లో మూడు నెలలకోసారి "జల్లెడ" అని రిమైండర్ మోగుతుంది.

మీ ఇంట్లో వస్తే లక్షణాన్ని బట్టి ఇలా వెతకండి. ధార సన్నబడితే జల్లెడ, షవర్ హెడ్‌లో సున్నం. ఎంత తిప్పినా వేడెక్కకపోతే ముందు గీజర్ నీళ్ళు నిజంగా వేడిగా ఉన్నాయో చూడండి, తర్వాత జల్లెడ, చివర్లో కార్ట్రిడ్జ్. కొత్తగా బిగించిన రోజు నుంచే తలకిందులుగా పనిచేస్తుంటే వేడి, చల్ల పైపులు అటూ ఇటూ అయ్యాయి. కొన్నింటికి తిరగేసి పెట్టే కార్ట్రిడ్జ్ దొరుకుతుంది, గోడ కొట్టే ముందు కంపెనీని అడగండి. సింకులో చన్నీళ్ళ కుళాయి విప్పితే వేణ్ణీళ్ళు వస్తున్నాయా? ఇందాక ఇంగ్లండ్ రెండు కుళాయిల భయం చెప్పాను కదా, ఆ నీళ్ళు వెనక్కి పోకుండా ఆపే చిన్న ముక్కే నాన్ రిటర్న్ వాల్వ్. అది సున్నం పట్టి తెరుచుకుని ఉండిపోయిందని అర్థం. నాబ్ బిగుసుకుపోతే బలంగా తిప్పొద్దు, నెలకోసారి ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పుతుంటే అసలు బిగుసుకోదు. రబ్బరు రింగులకు వ్యాజ్‌లైన్, బండి గ్రీజు రాస్తే ఉబ్బి పాడవుతాయి. సిలికాన్ గ్రీజే వాడాలి.

కొత్తగా పెట్టించేవాళ్ళకు నాలుగే మాటలు. టైల్స్ వేసే ముందు పైపులన్నీ నీళ్ళు వదిలి కడిగించండి, ఇసుక లోపలికి పోతే కార్ట్రిడ్జ్ మొదటి రోజే గీసుకుపోతుంది. ప్రెజర్ టెస్ట్ చేయించండి. బాడీ మీద ఉన్న లోతు గుర్తులు టైల్ మందంతో సహా లెక్కేయించండి. గోడ మూయకముందు ఫోన్‌తో ఫొటోలు తీసి, మోడల్ నంబరు, బిల్లుతో పాటు ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. పదేళ్ళ తర్వాత కార్ట్రిడ్జ్ కోసం షాపుకు వెళ్ళినప్పుడు గోడలో ఏముందో చెప్పగలిగేది ఆ ఫొటోనే.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే, వాల్వ్ ఉన్నా లేకపోయినా, ఈ రోజు ఒక్క పని చేయండి. షవర్ వేడి వైపు పూర్తిగా విప్పి, ఒక మగ్గులో పట్టి, థర్మామీటర్ పెట్టి చూడండి. ఎంత వచ్చిందో కామెంట్లలో రాయండి. ఇస్త్రీ పెట్టెలో ఉండే ఆ వంగే పట్టీ సముద్రం మీద ఓడల్ని ఎలా కాపాడిందో, హారిసన్ కథ మొత్తం వచ్చే ఎపిసోడ్‌లో చెప్పుకుందాం. అప్పటిదాకా సెలవు, నమస్తే.